పేరంటాలి పీట

ఈ ఇంట్లో మునెమ్మ తల్లో పూలు పెట్టుకోవాలంటే ముందు ఓబులమ్మకు పెట్టాలి. ఓబులమ్మ చచ్చిపోయి నాలుగేండ్లయింది. ఆమె కొండయ్య మొదటి పెండ్లాం. రెండో పెండ్లాంగా వచ్చిన మునెమ్మ మెడలో, తాళిబొట్టు పక్కనే నల్లదారానికి, చింతగింజంత వెండిబిళ్ళ ఒకటి వేలాడుతుంటుంది. దాన్ని సవతిబిళ్ళ అంటారు. బిళ్ళ మీద ఆడమనిషి బొమ్మ గీసి ఉంటుంది గానీ దానికి ముక్కూ మొహం ఉండవు. పూలు తెస్తే ముందు ఆ బిళ్ళకు తాకించాలి. కొత్తచీర కట్టుకునే ముందు దానికి చూపించాలి. పండక్కి ఓళిగలు చేస్తే మొదటి తునక దాని పేరుతో పక్కన పెట్టాలి. లేకపోతే చచ్చినామె అలిగి ఇంటిమీద పడుతుందని భయం. బతికున్నప్పుడు ఆమె అలిగితే ఇదేందని అడిగిన పాపాన పోయినవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కరూ లేరు, అది వేరే సంగతి.

"మూలలు బాగా అలుకు. ఓబులమ్మ అలికితే ఇల్లు అద్దం మాదిరి ఉండేది" అంది అత్త గురమ్మ, గడపలో కూర్చుని వక్క నములుతూ.

మునెమ్మకు తొమ్మిదో నెల. వంగితే కడుపు మోకాళ్ళకు తగులుతోంది, నిలబడితే నడుము పట్టేస్తోంది. పేడనీళ్ళ చట్టి జరుపుకుంటూ మూలల దాకా పోయి అలికింది. ఈ అద్దం మాట ఆమె కాపురానికి వచ్చినప్పట్నించీ వింటూనే ఉంది. ఓబులమ్మ రొట్టెలు కొడితే పున్నమి చంద్రుడంట. ఓబులమ్మ ఉన్ని వడికితే వెంట్రుకంత సన్నగా వచ్చేదంట. ఆ పొగడ్తల్లో ఒక్కటి కూడా ఓబులమ్మ చెవిన పడి ఉండదని మునెమ్మకు తెలుసు. రేపు తను పోతే, తన పనులకు కూడా ఇట్లాగే అందం వస్తుంది కాబోలు. మూడో ఆమె ఎవరో వచ్చి, ఈ మూలలోనే వంగి, మునెమ్మ అలికితే ఎట్లుండేదో వింటూ అలుకుతుంది.

ఇంత అలుకుడు పెద్దల దేవర కోసం. కొండాపురం దగ్గర పెన్న ఒడ్డున ఉన్న ఆ పల్లెలో వీళ్ళది మూలిల్లు. ఎప్పుడో ముత్తాతల ముత్తాత మందను తోలుకుంటూ ఏటెంబడి వచ్చి అక్కడ ఆగాడంట. అతని సంతతి ఇప్పుడు జమ్మలమడుగు, రాజుపాలెం, చెన్నూరు దాకా పాకింది. కొన్నేండ్లకొకసారి మాఘమాసంలో అందరూ, పండుముసలోళ్ళ దగ్గర్నుంచి చంకబిడ్డల దాకా, మూలింటికి వచ్చి పెద్దలకు పెట్టుకుంటారు. కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు పోయింతర్వాత వచ్చిన మొదటి మాఘమాసం అది. మగవాళ్ళు ఆ సంగతీ, ఈ సంగతీ మాట్లాడుకోవడానికి అరుగులు కావాలి. అరుగులు అలకడానికి మునెమ్మ కావాలి.

ఈ పనులన్నిటి కింద ఆమె మనసులో ఒకటే మాట నలుగుతోంది. ఈ ఇంట్లో కనకూడదు. కంటే చచ్చిపోతాను.

అది ఊరికే పుట్టిన భయం కాదు. పక్కింటి ఖాతూన్‌బీ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ పురుళ్ళు పోసే మనిషి. పెన్న ఇసుకలో చెలమ తవ్వుకుని నీళ్ళు ముంచుకుంటుంటే, మునెమ్మ పొంగిన కాళ్ళ వైపు చూసి, చుట్టూ ఎవరూ లేరని నిదానించుకుని చెప్పింది.

"ఓబులమ్మకూ ఇట్లే పొంగిండె బేటీ. నొప్పులు మొదలై ఒక పగలంతా గడిసినాక నేనే సెప్పినా, గురమ్మక్కా, బిడ్డ అడ్డం తిరిగుండాది, ఇది నా సేతిలో లేదు, జమ్మలమడుగు ఆసుపత్రికి బండి కట్టండి అని. ఎద్దులు సేనికి పోయినాయి, మాపటేలకు వస్తాయి అనిరి. మాపటేలకు ఎద్దులొచ్చె. అప్పటికి ఆమె లేదు. పాపం, మా అమ్మ కాడికి పంపీయండి, మా అమ్మను పిలిపీయండి అని అడగతానే పాయ."

"ఆయన యాడికి పోయింటాడు?" అని అడిగింది మునెమ్మ.

"ఇంగ్యాడికి? మందకాడ. గొర్రెలు ఈనే కాలం గదా."

కొండయ్య చేయి గొప్పదని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. గొర్రె ఈనలేక అల్లాడుతుంటే అతన్ని పిలుస్తారు. చేతికి ఆముదం రాసుకుని, కళ్ళు మూసుకుని, అడ్డం తిరిగిన పిల్లను లోపలే సర్ది, నొప్పి తెలియకుండా బయటికి తీస్తాడు. కడుపుతో ఉన్న కట్టు గొర్రెను చెలమల దాకా కూడా నడిపించనీయడు. నీళ్ళు దాని దగ్గరికే మోయించి పోస్తాడు. ఆ నీళ్ళు మోసేది మునెమ్మే. ఒకసారి కుండ దించుతూ ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. నన్నూ ఒక గొర్రె అనుకుంటే సాలు గదప్పా అనుకుంది. అంతకంటే ఎక్కువ ఆమె అతన్నుంచి ఏనాడూ ఆశించలేదు.

అత్తను ఎన్నోసార్లు అడిగింది. "నన్ను పురిటికి యాడికన్నా పంపీ అత్తా" అంటే, "యాడికి పంపల్ల? మీ అమ్మ సచ్చి ఎన్నేండ్లాయ? రాజుపాలెం పోతే నీ వదిన నీకు నీళ్ళు పోస్తాదా? తల్లి లేని కొంపలో కంటే ఈడ కనలేవా? ఓబులమ్మ ఈడనే కనలా?" అనేది గురమ్మ. కనలా, సచ్చిపాయ అనే మాట మునెమ్మ నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయేది. ఆసుపత్రి అంటే ఇంకో గొడవ. "మొగ డాకటర్లు సూస్తారంట. మా వంశంలో ఆ సిగ్గులేని పని ఎవురూ సేయలా" అనేది.

మొగుణ్ణి అడిగితే అతను మంచిగానే మాట్లాడాడు. మంచిగా మాట్లాడడమే అతని చెడ్డగుణం. "అమ్మ ఉండాది, ఖాతూన్‌బీ ఉండాది, నీకేం భయం? మంద కాన్పుల మీద ఉండాది, నేను కదిలేదానికి లేదు. దేవర కానీ, సూద్దాం" అన్నాడు. అంతా దేవర కానీ అన్నారు. దేవర అయ్యేదాకా రొట్టెలు కొట్టడానికి మనిషి కావాలి మరి.

దేవర నాటికి ఇల్లు బండ్లతో, మనుషులతో నిండిపోయింది. మునెమ్మ తెల్లారకముందు నుంచీ పొయ్యి దగ్గరే ఉంది. తోడుకు వచ్చిన ఆడబిడ్డలు రెండు ఓళిగలు తట్టి, పిల్ల ఏడుస్తోందని ఒకామె, నడుము నొస్తోందని ఒకామె లేచిపోయారు. ఇంటి కోడలికి మాత్రం నడుము ఉండదు. అలివిగాని ఆ పొగలో కళ్ళు తుడుచుకుంటూ ఉంటే, తలుపు పక్కన ఎవరో ముసలామె గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండడం కనబడింది. వచ్చి ఎంతసేపైందో ఏమో, ఆమెకు ఎవరూ మంచినీళ్ళు కూడా ఇచ్చినట్టు లేదు.

"యా ఊరమ్మా?" అని చెంబు అందించింది మునెమ్మ.

"పులివెందల. నేను ఓబులమ్మ తల్లిని, పెద్దసుబ్బమ్మ అంటారు. పుట్టింటి సీర తేవల్లని కబురు పెట్టిరి, తెచ్చినా." ముసలామె చెంబు తీసుకుని తాగకుండా మునెమ్మ మెడలోని బిళ్ళ వైపు చూసింది. చేయి చాపబోయి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. "ఎన్నో నెల బిడ్డా?"

"తొమ్మిది."

"కాళ్ళు శానా పొంగినాయే." చెంబు కింద పెట్టి అంది. "నా బిడ్డ కట్టపడకుండా పాయ, అంతవరకు నయం. నిద్దట్లో పోయినట్ల పాయ అని సెప్పిరి. దాన్ని తలుసుకునే అన్నం తింటాండా."

మునెమ్మ చేతిలోని ఓళిగ పెనం మీద మాడిపోయింది. ఆ ఒక్క అబద్ధమే ఈ తల్లికి ఇన్నేండ్లూ ఆసరా. దాన్ని లాగేస్తే మనిషి నిలబడుతుందో కూలిపోతుందో తెలియదు. అందుకని మాడినదాన్ని తీసేసి, ఇంకొకటి తట్టింది.

మధ్యాహ్నానికి పెద్దలకు పెట్టడం మొదలైంది. కొండయ్యకు పెదనాయన అయ్యే చిన్నసుబ్బయ్య ఆ వంశానికంతటికీ పెద్ద. గొంగళ్ళు పరిచి, వేటమాంసం, సంగటి, చుట్టలు పెట్టి, పోయిన మగవాళ్ళ పేర్లు ఒకటొకటే పిలిచాడు. పిలిచిన ప్రతి పేరుకూ చిన్నాపెద్దా అందరూ నేలకు నుదురు తాకించారు. అది చూడ్డానికి బాగానే ఉంటుంది. ఎప్పుడో మట్టిలో కలిసిన మనిషి పేరు చెబితే నిన్నగాక మొన్న పుట్టిన బిడ్డ తల కూడా వంచుతారు.

ఆ తర్వాత పేరంటాలి పీట. మొగుడి కంటే ముందు పోయిన ఇల్లాలిని వాళ్ళు పేరంటాలు అంటారు. పెద్దల దేవర నాడు ఆమె వచ్చి పీట మీద కూర్చుని భోంచేసి పోతుందని నమ్మకం. చచ్చినామె ఎట్లా వస్తుంది? ఆమె బిళ్ళ మోసే సవతి రావాలి. సవతికి పుట్టింటి చీర కట్టి, పసుపు రాసి, పీట మీద కూర్చోబెడితే, ఆకులో అన్నం తిని లేచేదాకా ఆమె మునెమ్మ కాదు, ఓబులమ్మే. అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు, కాళ్ళకు మొక్కుతారు. చివరికి వంశం పెద్ద, "ఏం కావల్ల తల్లీ?" అని అడుగుతాడు. "ఏమీ వద్దు, మంద సల్లంగుంటే సాలు" అని ఆమె చెప్పాలి. ఎప్పుడూ అందరూ చెప్పే మాట అదే. ఇంకేమన్నా అడిగితే తీర్చి తీరాలంట, అయితే అట్లా అడిగిన పేరంటాలు ఆ వంశంలో ఇంతవరకూ లేదు. గురమ్మ నాలుగు దినాల నుంచీ కోడలితో ఆ మాట వల్లె వేయిస్తోంది.

పచ్చంచు నేతచీర కట్టి మునెమ్మను కూర్చోబెట్టారు. పొద్దున్నుంచీ ఆమె నడుము ఆనించి కూర్చోవడం అదే మొదటిసారి. వెన్ను గోడకు ఆనగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరూ దాన్ని ఓబులమ్మ వచ్చిన గుర్తనుకున్నారు. గురమ్మ వచ్చి పాదాలు పట్టుకుంది. నిన్న సాయంత్రం కుండ దించడం ఆలస్యమైందని ఇదే మనిషి, "ఏనుగు మాదిరి తిని ఎద్దు మాదిరి పడుకుంటాది" అంది. ఇప్పుడు వాచిన ఆ పాదాల మీద తల పెట్టి, "తల్లీ ఓబులా, తప్పులేమన్నా ఉంటే మన్నించు" అంటోంది. కొండయ్య మొక్కాడు. అతని చేతివేళ్ళు పాదాన్ని తాకినప్పుడు ఆ వాపు అతనికి తెలిసే ఉండాలి. గొర్రెకు ఇంత పొంగుంటే ఎప్పుడో కనిపెట్టేవాడు. మునెమ్మకు కోపం కూడా రాలేదు. ఈ ఇంట్లో తనకు మొక్కాలంటే తను చచ్చి ఉండాలి, అంతే గదా అనుకుంది.

చివర్న పెద్దసుబ్బమ్మ వచ్చింది. ఆమె మొక్కలేదు. తల్లి బిడ్డకు మొక్కకూడదు. ఎదురుగా కూర్చుని, ఆకులోని అన్నం కలిపి ముద్ద చేసి, నోటికి అందిస్తూ, "తిను ఓబులా" అంది. మునెమ్మకు జ్ఞానం తెలిసినప్పట్నించీ ఎవరూ ముద్ద కలిపి పెట్టలేదు. నోట్లో పెట్టుకుంది.

"ఏం కావల్ల తల్లీ?" అని అడిగాడు చిన్నసుబ్బయ్య.

"ఏమీ వద్దు..." అని మొదలుపెట్టింది మునెమ్మ. ఆ తర్వాతి మాట వల్లె వేసినదే, నోటికి బాగానే వచ్చు. మంద సల్లంగుంటే సాలు. గురమ్మ పెదవులు కూడా ఆ మాట కోసం కదులుతున్నాయి. కడుపులో బిడ్డ ఒక్కసారి బలంగా తిరిగింది. మునెమ్మ ఆ మాట అనలేదు.

"నన్ను మా అమ్మ కాడికి పంపీయండి" అంది. "నా సేత కాదు. ఈడ నేను కనలేను. బండి కట్టండి. మా అమ్మ కాడికి పంపీయండి."

సందడి ఆగిపోయింది. పెద్దసుబ్బమ్మ చేతిలోని ముద్ద ఆకులో పడింది.

చిన్నసుబ్బయ్యే ముందు తేరుకున్నాడు. చేతులు జోడించాడు. "పేరంటాలు నోరు తెరిసి అడిగింది. కాదనేదానికి మనమెవురం? పంపుదాం. బిళ్ళ తీయండి. పసుపుగుడ్డలో కట్టి, మేళంతో పులివెందలకు తోలకపోదాం. పుట్టింటోళ్ళే పూజ సేసుకుంటారు."

గురమ్మ మొహం తేటపడింది. చచ్చిన కోడలి బాధ్యత ఇంటినుంచి పోతుంది, బతికున్న కోడలు పొయ్యి దగ్గర ఉంటుంది. ఇంతకంటే మంచి తీర్పు ఉంటుందా? "తీయిరా కొండయ్యా, బిళ్ళ దారం విప్పు. ఎద్దులు గూడా ఇంటికాడనే ఉండాయి" అంది. ఒక మనిషి ప్రాణానికి దొరకని ఎద్దులు చింతగింజంత వెండికి దొరికాయి. కొండయ్య మునెమ్మ మెడ వెనక్కి చేతులు పోనిచ్చాడు.

ఊరుకుంటే ఏమవుతుందో మునెమ్మకు అర్థమైంది. బిళ్ళ మేళంతో పోతుంది. తను లేచి ఎంగిలాకులు ఎత్తుతుంది. ఇంకొన్ని దినాలకు ఓబులమ్మ పోయిన అదే మూలగదిలో, అదే చాప మీద పడుకుంటుంది. మాపటేలకు ఎద్దులు వస్తాయి.

"తీయొద్దు" అంది, అతని చేయి తోసేసి. "అడిగింది ఓబులమ్మ గాదు. నేను. మునెమ్మను. ఓబులమ్మ ఇదే మాట ఆ మూలగదిలో పడుకోని పగలంతా అడిగింది, అప్పుడు మీరెవురూ ఇన్లా. నేను దినామూ అడగతాండా, నా మాటా ఇన్లా. సచ్చినోళ్ళు అడిగితే ఇంటారని ఆమె పేరుతో అడిగినా. ఆమె పేరుతో అడిగినా గూడా నన్ను ఈడనే పెట్టుకోని బిళ్ళను పంపుతాండారే!"

"పేరంటాలి పీట మీద కూసోని అబద్ధమాడతావా!" అని గురమ్మ మీదికి వచ్చింది. కొండయ్య అడ్డం రాలేదు, అరవనూ లేదు. తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకుంటూ నిలబడ్డాడు. చిన్నసుబ్బయ్య మొహం నల్లబడింది. "దిగు పీట మీద నించి. పెద్దలను ఎగతాళి సేసినోళ్ళకు ఈ ఇంట్లో నీళ్ళు లేవు. పోయేదుంటే పో. పోతే మాత్రం మళ్ళా ఈ గడప తొక్కగూడదు."

"పోయేదానికి దీనికి తల్లి యాడుంది?" అంది గురమ్మ.

అప్పుడు పెద్దసుబ్బమ్మ మాట్లాడింది. గురమ్మతో కాదు, మునెమ్మతో. "నా బిడ్డ అడిగిందా? నన్ను పిలవమని అడిగిందా?"

మునెమ్మకు ఆ కళ్ళలోకి చూడాలంటే భయమైంది. అయినా చూసింది. "అడిగిందమ్మా. ప్రాణం పోయేదాకా అడిగింది."

పెద్దసుబ్బమ్మ గురమ్మ వైపు తిరిగింది. "నిద్దట్లో పాయ అంటివే గురమ్మా" అంది. అరవలేదు, తిట్టలేదు. ఆమె ఇంటి గోడలు, అలికిన నేల, మూలగది తలుపు చూసింది. మునెమ్మ తన చేతులతోనే నల్లదారం విప్పి, బిళ్ళను ఆ ముసలామె అరచేతిలో పెట్టింది. పెద్దసుబ్బమ్మ దాన్ని కొంగున ముడేసుకుని, గంప చంకన పెట్టుకుని, "పా" అంది.

బండి ఎవరూ కట్టలేదు. బస్సు వచ్చే రోడ్డు దాకా ఇద్దరూ నడిచారు. పసుపు రాసిన కాళ్ళకు దుమ్ము అంటుకుంటోంది. గెలిచానన్న సంతోషం మునెమ్మకు ఏమాత్రమూ లేదు. వెనక ఇల్లు లేదు, ముందున్న ఊరు తెలియదు, పక్కనున్న మనిషికి తనేమీ కాదు. రేపు బిడ్డ అడ్డం తిరిగితే పులివెందులలో మాత్రం ఎవరు గ్యారంటీ? ముసలామె రోడ్డు కనబడగానే ఆగింది.

"ఒక మాట అడగతా, కాదనాకు" అంది. "మా ఇంట్లో ఉండేన్నాళ్ళు నిన్ను ఓబులా అని పిలుసుకుంటా. నువ్వు పలికితే సాలు. నీ పురుడు, నీ బిడ్డను సాకేది, అన్నీ నేనే సూసుకుంటా. నా బిడ్డ వచ్చె అనుకుంటా."

ఊ అంటే పోయేదేముంది? రెండేండ్లుగా ఓబులమ్మ పూలు ముందు పెట్టి, ఆమె ముద్ద ముందు పెట్టి, ఆమె చీర కట్టి, ఆమె పీట మీద కూర్చున్నదే కదా. పలకడం ఒక లెక్కా? పైగా కాదంటే ఈమె ఇక్కడే వదిలేసి బస్సెక్కిపోవచ్చు. కూతురు కోసం తీసుకుపోతోంది గానీ తన కోసం కాదు గదా. మునెమ్మ ఇదంతా అనుకుంది.

"వద్దమ్మా" అంది. "ఓబులమ్మ సచ్చిపాయ. నేను బతకల్లని వస్తాండా."

పెద్దసుబ్బమ్మ రోడ్డు పక్కన మట్టిలో కూలబడింది. నాలుగేండ్లుగా నిద్దట్లో పోయిందనుకున్న బిడ్డ ఆమెకు అప్పుడు చచ్చిపోయింది. నోట్లో కొంగు కుక్కుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ ఏడ్చింది. మునెమ్మ పక్కన నిలబడింది. ఓదార్చలేదు. ఆ ఏడుపు తను ఆపదగింది కాదు.

బస్సు దుమ్ము దూరంగా లేచేటప్పటికి ముసలామె మొహం తుడుచుకుంది. లేవడానికి చేయి చాపింది.

"నన్ను లేపు" అంది. "పేరేమంటివి బిడ్డా నీది?"